బడిలో ఇస్లాం చరిత్ర పాఠాలు: తల్లిదండ్రులు, పిల్లలు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏడు, ఎనిమిది తరగతుల సోషల్‌లో ఢిల్లీ సుల్తానుల పాఠం మొదలైతే చాలు, పేరెంట్స్ మీటింగుల్లో, క్లాసు వాట్సాప్ గ్రూపుల్లో ఏటా అవే సందేహాలు వస్తుంటాయి. హిందూ తల్లిదండ్రులు అడిగేవి కొన్ని, ముస్లిం తల్లిదండ్రులు అడిగేవి కొన్ని. పిల్లలు అడిగేవి చాలాసార్లు వీటికంటే సూటిగా ఉంటాయి. ఎవరి ప్రశ్నను వాళ్ళ మాటల్లోనే ఉంచాం. మీకు కావలసిన ప్రశ్న ఒక్కటే చదువుకున్నా సరిపోతుంది.

## పుస్తకం చేతికొచ్చినప్పుడు

సోషల్ పుస్తకంలో మతం పాఠాలు ఎందుకండీ?

"ఇస్లాం చరిత్ర" అన్న ఒక్క పేరు కింద మూడు వేర్వేరు సంగతులు కలిసిపోతున్నాయి. మొదటిది, 7వ శతాబ్దంలో అరేబియాలో ఇస్లాం పుట్టుక, ఆ తర్వాతి ఖలీఫాల రాజ్యాలు. రెండోది, 1206 నుంచి ఢిల్లీని ఏలిన సుల్తానులు, 1526 తర్వాత మొఘలులు. మూడోది మన దక్కన్ చరిత్ర: బహమనీలు, గోల్కొండ కుతుబ్ షాహీలు, అసఫ్ జాహీ నిజాములు. వీటిలో మతం గురించి నేరుగా చెప్పేది మొదటిదే, మన బడి పుస్తకాల్లో దానికి దక్కే చోటు చాలా తక్కువ. మిగతా రెండూ రాజ్యాల చరిత్ర. శిస్తు, సైన్యం, కోటలు, చెరువులు, యుద్ధాలు వాటిలో ఉంటాయి.

చట్టం సంగతికొస్తే, పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే బడిలో మతబోధన చేయకూడదని రాజ్యాంగం 28(1) అధికరణ చెబుతోంది. మతాల గురించి చదువుగా చెప్పడం ఆ నిషేధం కిందికి రాదని సుప్రీంకోర్టు 2002లో అరుణా రాయ్ కేసులో స్పష్టం చేసింది. "ముస్లింలు రోజుకు ఐదుసార్లు నమాజు చేస్తారు" అని టీచరు చెబితే అది పాఠం. క్లాసును వరుసల్లో నిలబెట్టి నమాజు చేయిస్తే తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పడం న్యాయమే.

మొఘలుల పాఠాలు తీసేశారని విన్నాం. ఇంక చదవక్కర్లేదా?

సగం నిజం. కేంద్ర సిలబస్ పుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ 2022 సవరణల్లో 11వ తరగతి ప్రపంచ చరిత్రలోంచి మధ్య ఇస్లామిక్ దేశాల అధ్యాయాన్ని తీసేసింది. 12వ తరగతిలో మొఘల్ దర్బారుల అధ్యాయం పోయింది. 2025లో వచ్చిన కొత్త 7వ తరగతి పుస్తకంలో సుల్తానులు, మొఘలులు లేరు. కానీ అదే ఏడాది వచ్చిన కొత్త 8వ తరగతి మొదటి భాగంలో ఇద్దరూ ఉన్నారు, విజయనగరంతో పాటు. పాత పుస్తకంతో పోలిస్తే ఇందులో దాడులు, ఊచకోతలు, ఆలయ విధ్వంసం గురించి ఎక్కువగా రాశారు. గతంలో జరిగినవాటికి నేడు ఎవరినీ బాధ్యులను చేయకూడదన్న గమనిక కూడా అందులోనే ఉంది. ఆ గమనికను టీచరు పాఠం మొదటి రోజే పైకి చదివించాలని మా అభిప్రాయం. చాలా క్లాసుల్లో దాన్ని దాటేసి ముందుకు వెళ్ళిపోతున్నారు.

రాష్ట్ర సిలబస్‌కు ఈ మార్పులు వాటంతట అవి వర్తించవు. తెలంగాణ 7వ తరగతి సోషల్‌లో కాకతీయులు, విజయనగరం, మొఘలులు వరుసగా వస్తాయి. మీ పిల్లల బడి ఏ బోర్డుదో, పుస్తకం ఏ ఏడాది ముద్రణో మొదటి పేజీలో చూసుకోండి. అన్నయ్య పుస్తకాన్ని తమ్ముడికి ఇచ్చే ఇళ్ళలో ఇక్కడే పొరపాటు జరుగుతుంది.

మా పిల్లవాడు ఈ పాఠాలు వినకుండా అనుమతి అడగొచ్చా?

ఇష్టం లేకుండా మతబోధనలో, ప్రార్థనలో పాల్గొనక్కర్లేదని 28(3) అధికరణ హామీ ఇస్తోంది. మైనరు పాల్గొనాలంటే సంరక్షకుల అంగీకారం ఉండాలి. చరిత్ర పాఠం ఆ కోవలోకి రాదు, పరీక్షలో మార్కులున్న భాగం కాబట్టి మినహాయింపు దొరకదు. ప్రార్థన, పారాయణం, పూజ, నమాజు లాంటిదేదైనా చేయించబోతుంటే మాత్రం వద్దని హెచ్ఎం (ప్రధానోపాధ్యాయుడు)కు రాతపూర్వకంగా ఇవ్వండి. అది ఏ మతానిదైనా ఇదే పద్ధతి.

పోటీ పరీక్షలకు పనికొస్తుందా?

వస్తుంది. యూపీఎస్సీ, రెండు రాష్ట్రాల గ్రూప్స్ పరీక్షల్లో మధ్యయుగ చరిత్ర ఉంది. తెలంగాణ పరీక్షల్లో కుతుబ్ షాహీ, అసఫ్ జాహీ కాలాలు తప్పనిసరి.

## పాఠం జరుగుతుండగా

గజనీ పాఠం వస్తే క్లాసంతా నా వైపే చూస్తోంది. నేనేం చేశాను?

నువ్వేమీ చేయలేదు. గజనీ మహమూదు సోమనాథ్ మీద దాడి చేసింది 1025-26లో, ఇప్పటి అఫ్ఘానిస్తాన్‌లోని గజనీ నుంచి వచ్చి. ఏ ఇంటి పిల్లవాడూ ఆ దాడికి జవాబుదారీ కాదు. ఆ కాలంలోనే జీవించిన అల్‌బిరూనీ ముస్లిం పండితుడు. సంస్కృతం నేర్చుకుని, భారతదేశం గురించి 1030 ప్రాంతంలో పెద్ద గ్రంథం రాశాడు. మహమూదు దాడులు ఈ దేశపు సిరిని నాశనం చేశాయనీ, హిందువులు ధూళి రేణువుల్లా చెదిరిపోయారనీ ఆయనే రాసిపెట్టాడు. ఎవరైనా నిన్ను అడిగితే ఈ సంగతి చెప్పు. చెప్పాలనిపించకపోతే చెప్పక్కర్లేదు. జవాబివ్వడం నీ బాధ్యత కాదు, క్లాసును సరిదిద్దడం టీచరు పని.

టీచర్లకు ఒక మాట. ఈ ఇబ్బంది ఎక్కువగా వాక్యంలో కర్త దగ్గర పుడుతుంది. "ముస్లింలు దాడి చేశారు" అంటే ముప్ఫై తలలు ఒక్క బెంచీ వైపు తిరుగుతాయి. "గజనీ మహమూదు దాడి చేశాడు" అంటే బోర్డు వైపే ఉంటాయి. రాజు పేరు, ఏడాది, ఊరు చెప్పండి. మతం పేరును కర్తగా వాడకండి. "మీ వాళ్ళ గురించి నువ్వే చెప్పు" అని ముస్లిం విద్యార్థిని ఎప్పుడూ లేపొద్దు, మంచి విషయమైనా సరే.

గుళ్ళు పడగొట్టిన సంగతి పిల్లలకు చెప్తున్నారా, దాచేస్తున్నారా?

చెప్పాలి. దాస్తే రెండు నష్టాలు. పిల్లలు అదే విషయాన్ని ఫోన్‌లో పదింతలు పెంచిన రూపంలో చూస్తారు, టీచరు దాచారు కాబట్టి ఇక టీచరు చెప్పే నిజాలను కూడా నమ్మరు.

మన దగ్గరే ఆధారాలున్నాయి. 1323లో తుగ్లక్ సైన్యం ఓరుగల్లును పట్టుకుంది. కాకతీయ రాజు ప్రతాపరుద్రుణ్ణి బందీగా ఢిల్లీకి తీసుకెళ్తుండగా దారిలో నర్మదా తీరాన ఆయన చనిపోయాడు. ఆ తర్వాత తెలుగుదేశం పడిన బాధను ప్రోలయ నాయకుని విలస తామ్రశాసనం వర్ణిస్తుంది: ఆలయాలు పాడుబడడం, అగ్రహారాలు లాక్కోవడం, పండించినది రైతుకు దక్కకపోవడం. వరంగల్ కోటలో స్వయంభూ శివాలయం శిథిలాల చుట్టూ నాలుగు కీర్తి తోరణాలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. ఉత్తరాన ఔరంగజేబు 1669లో కాశీ విశ్వనాథాలయాన్ని, 1670లో మథుర కేశవదేవాలయాన్ని కూల్పించాడు. అక్బరు 1564లో రద్దు చేసిన జిజియా పన్నును (ముస్లిమేతరుల మీద వేసేది) 1679లో మళ్ళీ విధించింది కూడా ఆయనే.

వీటిని చెప్పేటప్పుడు నాలుగు విషయాలు కలిపి చెప్పాలి: ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏ ఆధారంతో. ఆపై ఐదో ప్రశ్న, ఎందుకు? దోపిడీ కోసమా, ఓడిన రాజు అధికార చిహ్నాన్ని చెరపడానికా, మతావేశమా, తిరుగుబాటుకు శిక్షగానా? చాలా సందర్భాల్లో ఒకటికంటే ఎక్కువ కారణాలుంటాయి. ఒకే పీరియడ్‌లో ఐదూ కుదరవు, రెండు పీరియడ్లు కేటాయించండి. మొదటి రోజు సంఘటన, రెండో రోజు ఆధారాలు, కారణాలు. తలుపు మూసినట్టు మొదటి రోజుతోనే ముగిస్తే పిల్లలు కోపాన్ని మాత్రమే ఇంటికి తీసుకెళ్తారు.

హిందూ రాజులు మాత్రం గుళ్ళ జోలికి వెళ్ళలేదా అని మా అమ్మాయి అడిగింది. ఏం చెప్పను?

వెళ్ళిన సందర్భాలున్నాయి. కృష్ణదేవరాయలు 1514లో గజపతుల ఉదయగిరిని గెలిచి, అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తీసుకెళ్ళి 1515లో ప్రతిష్ఠించాడు. కాశ్మీరు రాజు హర్షుడు ఆలయ విగ్రహాలను కరిగించి ఖజానా నింపుకున్నాడని రాజతరంగిణి రాసిన కల్హణుడు చెప్పాడు. అయితే విగ్రహాన్ని తెచ్చి పూజలో పెట్టడమూ, ఆలయాన్ని కూల్చడమూ ఒకటి కావు. ఆ తేడాను అమ్మాయికి చెప్పండి. ఒకరి తప్పును చూపించి ఇంకొకరి తప్పును చెరిపేయలేమని కూడా చెప్పండి. ఆమె అడిగినది మంచి ప్రశ్న, "అలాంటివి అడగకూడదు" అని మాత్రం అనొద్దు.

మా గురించి పుస్తకంలో యుద్ధాలేనా? ఇంకేం లేదా?

ముస్లిం విద్యార్థులు దాదాపు ప్రతి క్లాసులో అడిగే ప్రశ్న ఇది. పుస్తకం రాజవంశాల వారీగా నడుస్తుంది కాబట్టి యుద్ధాలు ముందుకొస్తాయి, మిగతా జీవితం పక్క డబ్బాల్లోకి పోతుంది. టీచరు పూరించాల్సిన ఖాళీ పెద్దదే.

762లో కట్టిన బాగ్దాదులో 9వ శతాబ్దపు అల్ ఖ్వారిజ్మీ భారతీయ అంకెలతో లెక్కలు ఎలా చేయాలో రాశాడు. అల్గారిథం అన్న మాట ఆయన పేరు నుంచే వచ్చింది. మన సున్నా బాగ్దాదు మీదుగా ఐరోపా చేరిందని చెబితే లెక్కల పీరియడ్‌కూ సోషల్‌కూ బంధం కుదురుతుంది, పిల్లల కళ్ళు వెలుగుతాయి.

ఇక మన నేల మీదికి వస్తే కథ ఇంకా చిక్కనిది. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా రాజు కాకముందు ఏడేళ్ళు విజయనగరంలో ఆశ్రయం పొందాడు. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడన్నారు. ఆయన కొలువులోని అమీన్‌ఖానుకు పొన్నెగంటి తెలగన అచ్చతెలుగు కావ్యం యయాతి చరిత్రను అంకితమిచ్చాడు. అదే ఇబ్రహీం 1565 తళ్ళికోట యుద్ధంలో, తనకు ఆశ్రయమిచ్చిన విజయనగరపు అళియ రామరాయల మీదికి తోటి సుల్తానులతో కలిసి వెళ్ళాడు. ఈ ఒక్క జీవితాన్ని పూర్తిగా చెప్పగలిగితే "వాళ్ళు, మనం" అన్న రెండు గళ్ళ పట్టిక దానంతట అదే చెదిరిపోతుంది. గోల్కొండ తానీషా దగ్గర అక్కన్న, మాదన్నలు పెత్తనం చేశారు. ఆ గోల్కొండను 1687లో ముట్టడించి పట్టుకున్నది మరో ముస్లిం పాలకుడు ఔరంగజేబు.

1857 జూలై 17న హైదరాబాదు బ్రిటిషు రెసిడెన్సీ మీద దాడికి నాయకత్వం వహించిన తుర్రెబాజ్ ఖాన్‌నూ, రజాకార్లకు వ్యతిరేకంగా రాసి 1948 ఆగస్టులో హత్యకు గురైన పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌నూ ఏ క్లాసులోనూ వదలకూడదు.

ప్రవక్త బొమ్మ చూపిస్తారా? నాటకం వేయిస్తారా?

రెండూ చేయకూడదు. ప్రవక్తను చిత్రించడాన్ని అత్యధిక ముస్లింలు తప్పుగా భావిస్తారు. ఇంటర్నెట్‌లో వెతికి పెట్టిన బొమ్మ ఒక్కటి చాలు, క్లాసు మొత్తం ఆగిపోతుంది. మక్కా, మదీనా, డమాస్కస్, బాగ్దాదు ఉన్న పటం, పాత నాణెం, శాసనం ఫొటో వాడండి. పాఠానికి కావలసిన ఏళ్ళు కొన్నే: 570 ప్రాంతం జననం, 610 మొదటి దివ్యవాణి, 622 మదీనాకు వలస (హిజ్రీ శకం ఇక్కడే మొదలు), 632 మరణం. దివ్యవాణి గురించి చెప్పేటప్పుడు "ముస్లింల విశ్వాసం ప్రకారం" అని కలపాలి. రాముడి గురించో యేసు గురించో చెప్పేటప్పుడూ ఇదే కొలత.

సార్ శివాజీని "చేశారు" అంటారు, అక్బరును "చేశాడు" అంటారు. పిల్లలు పట్టించుకుంటారా?

పట్టించుకుంటారు. తెలుగు క్రియలోనే గౌరవం, అగౌరవం దాగి ఉంటాయి, చెప్పేవారి మనసు అక్కడ బయటపడుతుంది. రాజులందరికీ ఒకటే పద్ధతి పెట్టుకోండి. "చేశాడు" అయితే అందరికీ "చేశాడు". మత ప్రవక్తలకు, గురువులకు "చెప్పారు" వాడితే అన్ని మతాల వారికీ వాడండి. "తురకలు" మాట కూడా ఇలాంటిదే. పాత శాసనాల్లో తురుష్కులంటే తుర్కు జాతివారు. నేడు చాలాచోట్ల అది తిట్టులా వినిపిస్తుంది. మూలపాఠంలో వస్తే అర్థం చెప్పి చదవండి, మామూలు మాటల్లో వాడకండి.

మదర్సాలో చెప్పింది ఒకటి, బడిలో చెప్పేది ఇంకొకటి. మా పిల్లకు ఏది నిజమని చెప్పాలి?

రెండుచోట్లా అడిగే ప్రశ్న వేరు. మదర్సాలో విశ్వాసం కోసం నేర్పుతారు. బడిలో ఫలానా సంగతి మనకెలా తెలుసు, ఏ ఆధారం ఉంది అని అడుగుతారు. 632 తర్వాత నాయకత్వం ఎవరికి చెందాలన్న విషయంలో సున్నీలు, షియాలు వేర్వేరుగా భావిస్తారు. ఎవరు రైటో టీచరు తేల్చకూడదు, రెండు వాదాలూ చెప్పి ఆగాలి. హైదరాబాదు పాతబస్తీ క్లాసుల్లో రెండు వర్గాల పిల్లలూ పక్కపక్కనే కూర్చుంటారు. కుతుబ్ షాహీలు షియాలన్నది చెప్తే ఆషూర్‌ఖానాలు (మొహర్రం సంతాప మందిరాలు), మన ఊళ్ళ పీర్ల పండుగ ఎక్కడి నుంచి బలం పుంజుకున్నాయో పిల్లలకు అందుతుంది.

## ఇంటికొచ్చాక

వాట్సాప్‌లో వచ్చింది పుస్తకంలో లేదు. పుస్తకం అబద్ధమా?

ఆ మెసేజీలో ఏడాది ఉందా? ఊరి పేరు ఉందా? ఏ శాసనంలో, ఏ గ్రంథంలో ఉందో రాశారా? మూడూ లేకపోతే పక్కన పెట్టండి. ఉంటే ప్రింటు తీసి సోషల్ టీచరుకు ఇవ్వండి, క్లాసులో ఆధారాల అభ్యాసంగా పనికొస్తుంది. ఆస్థాన చరిత్రకారులు రాసిన సంఖ్యలు కూడా ఉన్నవి ఉన్నట్టు నమ్మదగ్గవి కావు. ప్రభువును మెప్పించడానికి చంపిన వాళ్ళ లెక్కా, కూల్చిన గుళ్ళ లెక్కా పెంచి రాసిన వాళ్ళున్నారు. పొగడ్త అతిశయోక్తి అయినట్టే ప్రగల్భమూ అతిశయోక్తే అవుతుంది.

సెప్టెంబరు 17ను పరీక్షలో ఏమని రాయాలి: విమోచనమా, విలీనమా?

ముందు జరిగినది రాయాలి. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ఆపరేషన్ పోలో (పోలీసు చర్య) మొదలుపెట్టింది, 17న నిజాం లొంగిపోయాడు. పేరు మీదే వివాదం. కేంద్రం 2022 నుంచి హైదరాబాద్ విమోచన దినం అంటోంది. తెలంగాణ ప్రభుత్వం 2022లో జాతీయ సమైక్యతా దినోత్సవం అంది, 2024లో ప్రజా పాలన దినోత్సవం అంది. పరీక్షలో మీ పుస్తకం వాడిన మాట రాయండి. ఇంట్లో మాత్రం మొత్తం చెప్పండి: దేశ్‌ముఖుల వెట్టి, రైతాంగ సాయుధ పోరాటం, రజాకార్ల దౌర్జన్యాలు, పోలీసు చర్య తర్వాత ముస్లింల మీద జరిగిన హింస. ఆ హింసను విచారించిన సుందర్‌లాల్ కమిటీ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. విసునూరు దేశ్‌ముఖ్ మీద కోర్టులో భూమి కోసం పోరాడి ప్రాణమిచ్చిన షేక్ బందగీ ముస్లిం రైతు, ఆ దేశ్‌ముఖ్ హిందువు. మతం ఒక్కటే తాళంచెవి అనుకుంటే ఆ కాలం అర్థం కాదు.

మా బాబును క్లాసులో "ఔరంగజేబు" అని పిలుస్తున్నారు. చిన్న విషయమని వదిలేయాలా?

వదలొద్దు. ఎవరన్నారు, ఏ రోజు, ఎవరి ముందు అన్నారో ఒక కాగితం మీద రాసుకోండి. రెండు, మూడు రోజుల్లో క్లాసు టీచరును విడిగా కలవండి, గ్రూపులో పెట్టకండి. క్లాసు మొత్తం ముందు మీ బాబు పేరెత్తి మిగతా పిల్లలను తిట్టవద్దని టీచరును అడగండి, అలా చేస్తే మరుసటి రోజు నుంచి వాడు ఇంకా ఒంటరివాడవుతాడు. ఆ మాట అన్న పిల్లలతో విడిగా మాట్లాడటం, సీట్లు మార్చడం, వారం తర్వాత మళ్ళీ వాకబు చేయడం పనిచేస్తాయి. ఆ మాట అన్నది టీచరే అయితే విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కింద మానసిక వేధింపు అని హెచ్ఎంకు రాతపూర్వకంగా ఇవ్వండి.

## ప్రాజెక్టులు, పర్యటనలు

మసీదుకూ, సమాధులకూ తీసుకెళ్తారట. పంపొచ్చా?

చూడటానికి వెళ్ళడం ప్రార్థన కాదు, పంపొచ్చు. బడివాళ్ళు ముందుగా పంపే కాగితంలో చూడబోయే చోట్లు, ప్రార్థన ఏదీ ఉండదన్న వాక్యం, చెప్పులు విప్పడం, మోకాళ్ళు దాటిన దుస్తులు లాంటి నియమాలు ఉండాలి. మసీదుకైతే శుక్రవారం మధ్యాహ్నం పెట్టుకోకూడదు. మా సలహా, ఒకే రోజు ఒకే మతపు కట్టడాలు చూపించకండి. వరంగల్ కోటలో కాకతీయ తోరణాలూ, ఆ దగ్గర్లోనే ముస్లిం పాలకుల కాలపు ఖుష్ మహల్ ఉన్నాయి. కమాను కట్టిన తీరు, దూలం పెట్టిన తీరు పక్కపక్కన చూపిస్తే పిల్లలు బొమ్మ గీసుకుని మరీ గుర్తుపెట్టుకుంటారు.

పిల్లలకు విసుగు రాని ప్రాజెక్టు ఏదైనా ఉందా?

ఇంట్లో ఒక రోజు మాట్లాడిన మాటల్లోంచి అరబ్బీ, పార్శీ నుంచి వచ్చినవి ఏరమనండి. కాగితం, కుర్చీ, జిల్లా, బజారు, వకీలు, ఖర్చు, జవాబు, హక్కు, గులాబీ, ఖరీఫ్, రబీ, తహసీల్దారు. చివరికి రైతు కూడా. ఇరవై మాటలు దొరికాక కోర్టు, పొలం, బజారు, ఇల్లు అని గుంపులు కట్టించండి. ఎక్కువ మాటలు పన్నులు, భూమి, కోర్టు వైపు చేరతాయి. ఎందుకో వాళ్ళే చెప్తారు.

## అభ్యంతరం ఉన్నప్పుడు

పాఠంలో తప్పుందనిపిస్తే ఎవరికి చెప్పాలి?

తప్పు పుస్తకంలో ఉందా, టీచరు మాటలోనా, పిల్లవాడి నోట్సులోనా అన్నది ముందు తేల్చుకోండి. చాలాసార్లు మూడోదే. పుస్తకంలో ఉంటే పేజీ, పంక్తి, ముద్రణ ఏడాది, సరైన ఆధారం రాసి రాష్ట్ర పుస్తకమైతే ఎస్‌సీఈఆర్‌టీకి, కేంద్ర సిలబస్‌దైతే ఎన్‌సీఈఆర్‌టీకి పంపండి. టీచరు మాటైతే వరుస ఇది: సబ్జెక్టు టీచరు, హెచ్ఎం, పాఠశాల కమిటీ (ప్రైవేటైతే కరస్పాండెంటు), ఎంఈఓ (మండల విద్యాధికారి), డీఈఓ (జిల్లా విద్యాధికారి). పది సెకన్ల ఆడియో ముక్క బయటపెడితే ముందూ వెనకా తెగిపోయి మాటకు అర్థం మారుతుంది. దాని వల్ల బలయ్యేది సాధారణంగా ఆ క్లాసులోని పిల్లలే.

అమెరికాలో మా పిల్లకు 7వ గ్రేడులో ఇస్లాం పాఠం ఉంది. కంగారు పడాలా?

కాలిఫోర్నియాలో 7వ గ్రేడు ప్రమాణాల్లో మధ్యయుగ ఇస్లామిక్ నాగరికత ఒక భాగం, చైనా, జపాను, ఐరోపాలతో పాటు. అక్కడి బడుల్లో గొడవలు ఎక్కువగా హోంవర్కు దగ్గర వచ్చాయి. 2015 డిసెంబరులో వర్జీనియాలోని ఆగస్టా కౌంటీలో అరబ్బీ లిపి అభ్యాసంగా ఇస్లాం విశ్వాస వాక్యాన్ని చూసి రాయమన్నందుకు ఆగ్రహం రేగి, ఒక రోజు బడులన్నీ మూసేయాల్సి వచ్చింది. మేరీలాండ్‌లో ఇలాంటి వర్క్‌షీటు మీద వేసిన కేసులో, అది చదువులో భాగమే తప్ప మతప్రచారం కాదని 2019లో ఫెడరల్ అప్పీలు కోర్టు తేల్చింది. వర్క్‌షీటు చూసి ఇబ్బంది అనిపిస్తే టీచరుకు ఈమెయిల్ రాసి, లిపి అభ్యాసానికి మతవాక్యం బదులు ఒక నగరం పేరో, పిల్ల సొంత పేరో ఇవ్వమని అడగండి.